అవెరె వాగు తూర్పు పాయ

27 ఆగస్టు 1991, మంగళవారం

పొద్దున రేడియోలో చెప్పేశారు. మా ఓయో రాష్ట్రం రెండు ముక్కలైంది. తూర్పు ముక్క పేరు ఒషున్, రాజధాని ఒషోగ్బో. పడమటి ముక్కకు పాత పేరే. రాజధాని ఇబాదాన్ మాకే ఉంది.

మా సర్వే ఆఫీసులో పని జరగలేదు. ఇరవై రెండేళ్ళుగా నా పక్క బల్ల మీద పటాలు గీస్తున్న ఫగ్బెమి బల్లెక్కి గంతులు వేశాడు. ఇజెషా వాడు, వాడి ఊరు కొత్త రాష్ట్రంలోకి వెళ్ళింది.

"దిగవయ్యా, కాగితాలు నలుగుతాయి" అన్నాను.

"నలగనీవోయ్! ఇవన్నీ ఇవాళ్టితో చిత్తుకాగితాలే. ఇంక మీ ఇబాదాన్ వాళ్ళ ముందు చేతులు కట్టుకు నిలబడే బాధ తప్పింది నాకు."

"మీ ఇజెషా వాళ్ళు చేతులు కట్టుకుని ఎప్పుడు నిలబడ్డారు? అరువిచ్చిన బట్టల బాకీ వసూలుకి గుమ్మం ముందు గొంతుక్కూర్చోవడమేగా మీకు తెలిసింది!"

అందరూ నవ్వారు. పై అధికారి ఒయెతోరో గారు గదిలోంచి తొంగిచూసి, "ఎగిరింది చాలు. ఎగిరినవాళ్ళంతా పెట్టెలు సర్దుకోండి. ఎవరి రాష్ట్రం వాళ్ళు వెళ్ళాల్సిందే" అన్నారు. ఫగ్బెమి బల్ల దిగాడు.

పదిహేనేళ్ళ క్రితం పడమటి రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఆ గీతలు మేమిద్దరమే గీశాం. అప్పుడు నాకు పెన్ను వణికింది. ఈసారి వణకదు.

28 ఆగస్టు

నా గీతల్లో మందం తేడా రాదని ఒయెతోరో గారు నలుగురి ముందూ అన్నారు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఒషోగ్బో వెళ్ళిపోతున్నాడు. కుర్చీ ఖాళీ.

30 ఆగస్టు

అందరికీ ఫారాలు పంచారు. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, తండ్రి ఊరు. పుట్టింది ఎక్కడైనా, పెరిగింది ఎక్కడైనా, తండ్రిది ఏ ఊరైతే మనిషిది ఆ ఊరే. ఒషున్ ఊరు రాసినవాళ్ళు వచ్చే నెలాఖరుకల్లా వెళ్ళాలి.

పేరు: అదిగున్ లాడోకున్. తండ్రి ఊరు: ఇబాదాన్.

ఉద్యోగంలో చేరినప్పుడూ ఇదే రాశాను. ఇందులో కొత్తేమీ లేదు. పన్నెండో ఏట నన్ను ఇబాదాన్ తీసుకొచ్చి, తన ఇంట్లో పెట్టుకుని, తన పేరుతో బళ్ళో చేర్చింది లాడోకున్ మాస్టారు. నాకు అన్నం పెట్టిన ఊరు ఇది. పెళ్ళాం ఈ ఊరిది. కూతురు మొజిసోలా ఈ ఊళ్ళో చదువుతోంది. ఇబాదాన్ అని కాక ఇంకేం రాస్తాను?

గుమాస్తా ఫారం తీసుకుని నా చెంపల వంక చూశాడు. "ఈ గాట్లు మా ఇబాదాన్ గాట్లలా లేవే, లాడోకున్ గారూ" అన్నాడు. చిన్నప్పుడు చెంపకు నాలుగేసి పెట్టారు, మా ఇంటి ఆనవాయితీ. "కత్తి పట్టినవాడు తాగి ఉన్నాడులే" అన్నాను. నవ్వాడు కానీ ఫారాన్ని వేరే దొంతరలో పెట్టాడు.

3 సెప్టెంబరు

సామాను పంపకాలు. బల్లలు, బీరువాలు, పటాల అరలు, చివరికి గోడ గడియారం కూడా. గడియారం ఒకటే ఉంది కాబట్టి గంటసేపు వాదించుకున్నారు. ఫగ్బెమి, "పెద్ద ముల్లు మీకు, చిన్న ముల్లు మాకు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నిజంగానే ఆ దశకు వచ్చింది.

మధ్యాహ్నం మా ఆవిడ అబేకె కొట్లో తిన్నాను. ఆఫీసు వెనకాలే ఉంది, ఎండు కంద పిండితో అమలా ముద్ద వండి పెడుతుంది. ఒషున్ వాళ్ళు ఒక బల్ల, ఓయో వాళ్ళు ఒక బల్ల. మొన్నటిదాకా ఒకే కుండలో చేతులు పెట్టినవాళ్ళు.

లెక్కల విభాగం ముసలాయన ఒకడు అన్నాడు, "మన పడమటి దేశాన్ని మన చేతికిమ్మని అడిగాం. మన బళ్ళు మనవే, మన రోడ్లు మనవే అని. కేంద్రం వాళ్ళేమో మనకు తలా ఒక గది చూపించి, తాళంచెవి వాళ్ళ దగ్గరే పెట్టుకున్నారు. మనం గదులు చూసుకుని చంకలు గుద్దుకుంటున్నాం."

"తినేటప్పుడు రాజకీయాలెందుకు బాబాయ్, ముద్ద చల్లారిపోతుంది" అంది అబేకె.

5 సెప్టెంబరు

అన్నయ్య వచ్చాడు. ఒగుండెజి, నాకంటే ఆరేళ్ళు పెద్ద, మేం పుట్టిన ఇయేయేలో కమ్మరి. కొలిమి పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి. అమ్మ పంపిన ఎండు కంద పిండి మూట మోసుకొచ్చాడు, ఎప్పటిలాగే.

"ఇయేయేలో పొట్టేలు కోశాం తమ్ముడూ! ఇలొడో రాజుగారు మన వాడకు డప్పులు పంపించారు. అమ్మ కూడా నాలుగడుగులు వేసింది. ఇన్నాళ్ళూ ఆస్పత్రికీ ఇబాదానే, కాయితానికీ ఇబాదానే. ఇప్పుడు మన ఇలొడో కొత్త రాష్ట్రంలో ఉంది. నడిచిపోయేంత దూరంలో అన్నీ వస్తాయంట."

"మంచిదే" అన్నాను.

"అదేంట్రా, మూతి ముడుచుకున్నావు? నువ్వు కూడా ఒషోగ్బో వచ్చేస్తావుగా! అమ్మ రోజూ అడుగుతోంది. అదిగున్ దగ్గరికొచ్చేస్తాడు, ఆదివారం ఆదివారం వస్తాడు అని."

"చూద్దాం అన్నయ్యా, ఆఫీసు సంగతులు నీకు తెలియవు."

నేను మాస్టారి పేరు పెట్టుకున్న సంగతి వాళ్ళకు తెలుసు. తండ్రి ఊరు ఇబాదాన్ అని రాసిన సంగతి తెలియదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

9 సెప్టెంబరు

కొత్త సరిహద్దు పటాన్ని తలా కొంత పంచారు. నలభై ఒకటో షీటు నాకొచ్చింది. నేను అడగలేదు. ఒయెతోరో గారే ఇచ్చారు.

ఆ షీటులో అవెరె వాగు ఉంది. ఇలొడో ప్రాంతానికి పడమటి హద్దు ఆ వాగే. ఒకచోట రెండు పాయలుగా చీలి, మూడు మైళ్ళు పోయి మళ్ళీ కలుస్తుంది. రెండు పాయల మధ్య నేల మీద ఇయేయే ఉంది, ముప్ఫై కప్పులు, ఒక బడి, ఒక కొలిమి. హద్దు పడమటి పాయ అయితే ఇయేయే ఒషున్‌లో ఉంటుంది. తూర్పు పాయ అయితే ఓయోలో ఉంటుంది.

పాత షీటు సరిగ్గా అక్కడే మడత దగ్గర చిరిగిపోయింది. హద్దు ఏ పాయన వెళ్ళిందో కనబడదు.

10 సెప్టెంబరు

గుమాస్తా మళ్ళీ అడిగాడు. ఇబాదాన్‌లో మాస్టారి వీధి పెద్ద దగ్గర్నుంచి కాగితం తెమ్మన్నాడు. "అనుమానం కాదండీ, అందర్నీ అడుగుతున్నాం." అందర్నీ అడగడం లేదు.

ఇయేయే కూడా ఓయోలోనే ఉంటే, ఎవడు తవ్వినా ఏముంది? ఎటు తిరిగినా నేను ఓయో వాడినే. అబద్ధమన్న మాటే ఉండదు.

మడత దగ్గర చిరిగిపోయింది. ఎవరు గీసినా ఏదో ఒక పాయ ఎంచుకోవాల్సిందే.

11 సెప్టెంబరు

గీశాను. తూర్పు పాయ. పెన్ను వణకలేదు.

16 సెప్టెంబరు

ఫగ్బెమి వెళ్ళాడు. లారీలో బల్లలూ, అరలూ, వాటి మీద వాడు. చివరిసారి అబేకె కొట్లో ఇద్దరం తిన్నాం. రెండో ముద్ద దగ్గర అన్నాడు, "నలభై ఒకటి నువ్వే గీశావట కదా."

"అవును."

"మీ నాన్న పోయినప్పుడు వచ్చాను నేను ఆ ఊరు. గుర్తుందా? పడమటి పాయ దాటించడానికి మీ అన్నయ్య నన్ను వీపున మోశాడు. దాటగానే, ఇదుగో ఇలొడో నేల మీద కాలు పెట్టావు అన్నాడు."

"వర్షాకాలం అది. ఏ పాయో నీకేం తెలుసు? పాత షీటు మడత దగ్గర చిరిగిపోయింది."

"చిరిగిపోయింది" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. "నేను నోరు విప్పను అదిగున్. ఆ మాట అడగబోతున్నావు కదా, అడక్కు."

అడగాలనుకోలేదు. నిజంగానే అనుకోలేదు.

30 సెప్టెంబరు

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఉత్తర్వు వచ్చింది. గుమాస్తా స్వయంగా తెచ్చిచ్చాడు. అబేకె కొట్లో అందరికీ ఆ పూట మాంసం ముక్క ఎక్కువ వేసింది.

12 అక్టోబరు

కొత్త కుర్చీకి చేతులున్నాయి. పక్క బల్ల ఉన్న చోట నేల మీద నాలుగు తెల్లటి మచ్చలు మిగిలాయి. తుడవమని చెప్పాను. పోవడం లేదు.

4 నవంబరు

అన్నయ్య వచ్చాడు. ఈసారి మూట లేదు, వట్టి చేతులు.

"తమ్ముడూ, పటంలో మనల్ని ఓయోలో వేశారంట! బడి పంతులమ్మని ఒషోగ్బో వాళ్ళు వెనక్కి తీసుకెళ్ళిపోయారు. మీరు మావాళ్ళు కాదన్నారు. ఇబాదాన్ వాళ్ళని అడిగితే, మీ ఊరి పేరు మా పుస్తకంలో లేదు పొమ్మన్నారు. బోరు వేసే బండి ఇలొడో దాకా వచ్చి, తూర్పు పాయ ఒడ్డున ఆగి, డ్రైవరు కాయితం చూసుకుని తిరిగిపోయింది. మేమంతా ఇవతలి ఒడ్డున నిలబడి చూస్తున్నాం. గొట్టాలు కూడా కనబడుతున్నాయిరా!"

అబేకె నీళ్ళిచ్చింది. తాగలేదు.

"ఏ ఎదవ గీశాడో గానీ, వాడి చెయ్యి విరిగిపోను! నువ్వు పటాల మనిషివి. కనుక్కో. ఓ అర్జీ రాసిపెట్టు. నాకు కొలిమి తప్ప కాయితాలు తెలవవు."

రాశాను. నాకు అర్జీలు బాగా వచ్చు. అన్నయ్య వేలిముద్ర వేశాడు. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. "అబ్బ, ఎంత బాగా రాశావురా! వింటే రాయైనా కరుగుద్ది" అన్నాడు.

అమ్మకు ఈ పరుగుల్లో పిండి ఎండబెట్టడానికి తీరిక లేదట. తాగునీళ్ళకి వాగు దాకా తనే నడుస్తోందట. డెబ్భై ఎనిమిదేళ్ళు.

19 నవంబరు

అర్జీ నా బల్ల మీదికే వచ్చింది. 'సాంకేతిక అభిప్రాయం కోసం, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌కు.'

20 నవంబరు

అభిప్రాయం రాశాను. 'పటం సరిగానే ఉంది. పాత షీటు మడత దగ్గర చిరిగినందున, అందుబాటులో ఉన్న ఆధారాల మేరకు గీయబడింది.'

రెండింట్లోనూ నా దస్తూరీయే. ఎవరూ గమనించలేదు. అర్జీ భాషే బాగుంది.

2 డిసెంబరు

జ్వరం. ఆఫీసుకు వెళ్ళలేదు.

3 డిసెంబరు

జ్వరం లేదు. వెళ్ళలేదు.

14 జనవరి 1992

దుమ్ముగాలి మొదలైంది. పెదవులు పగులుతున్నాయి.

ఇయేయే వాళ్ళు ఊరుకోలేదు. ఇలొడో రాజుగారి ద్వారా పైదాకా వెళ్ళారు. హద్దుల కమిటీ వేశారు. రిటైరైన జడ్జి ఒకాయన అధ్యక్షుడు. రెండు రాష్ట్రాల నుంచీ ఒక్కొక్క వకీలు, ఒక్కొక్క పటాల మనిషి. ఇరవై మూడున ఊళ్ళోనే విచారణ.

ఒయెతోరో గారి దగ్గరికి వెళ్ళి, నడుం నొప్పిగా ఉంది, ఇంకెవరినైనా పంపండి అన్నాను.

"గీసినవాడే చెప్పుకోవాలయ్యా. అయినా నీకేం భయం? ఆ పల్లెటూరి వాళ్ళకూ నీకూ ఏమన్నా చుట్టరికమా?"

"లేదండి" అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి.

22 జనవరి

అబేకెకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె అమలా కలుపుతోంది. గరిటె తిప్పడం ఆపలేదు, ఆపితే ఉండలు కడుతుంది.

"అంటే ఆ రోజు మీ అన్నయ్య శాపనార్థాలు పెట్టింది మిమ్మల్నేనా?"

"నువ్వు కొట్టు వదిలి ఒషోగ్బో వస్తావా? నీకోసం కూడా కదా..."

"నా పేరు ఇందులోకి లాగకండి, మొజిసోలా వాళ్ళ నాన్నా! రమ్మని ఒక్కసారి అడిగారా నన్ను? అమలా ఒషోగ్బోలో తినరా? ఇరవై ఏళ్ళుగా మీ అమ్మ పిండి తిని బతుకుతున్న కొట్టు ఇది."

రేపు జీపు పొద్దున్నే వస్తుంది. నా తెల్లటి పొడుగు అంగీ, అగ్బాడ, ఇస్త్రీ చేసి పెట్టింది. 

23 జనవరి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకు చేరాం. బండి దారి ఇలొడో మీదుగానే ఉంది, జీపు తూర్పు పాయ ఒడ్డున ఆగింది. దుమ్ముగాలి రోజుల్లో ఆ పాయలో నీళ్ళుండవు, ఇసుక మీద నడిచి దాటాం. ఊరు ఊరంతా కొలిమి పందిరి కింద కూర్చుని ఉంది. నన్ను చూడగానే అన్నయ్య మొహం వెలిగిపోయింది. లేచి, రెండు చేతులూ చాచి, "తమ్..." అన్నాడు.

సరిగ్గా అప్పుడే జడ్జిగారు మమ్మల్ని పరిచయం చేస్తున్నారు. "వీరు లాడోకున్ గారు, ఇబాదాన్ వారు. మీరు ఫిర్యాదు చేసిన పటం గీసింది వీరే."

అమ్మ అన్నయ్య బట్ట పట్టుకుని కిందికి లాగింది. అన్నయ్య కూర్చున్నాడు. అమ్మ నా వంక చూసింది. చాలాసేపు కాదు. తర్వాత లేచి, అలవాటు ప్రకారం పెద్ద అధికారులకు పెట్టే దండం పెట్టింది.

"దయచేయండి అయ్యగారూ. ఎండన పడి వచ్చారు. దాహం పుచ్చుకుంటారా?"

మీరు అంది. పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఒరే అని తప్ప పిలవలేదు. మిగతావాళ్ళు ఆమెను చూసి అలాగే అన్నారు. నాతో వాగులో ఈదినవాళ్ళు, నా చేత ఉత్తరాలు రాయించుకున్నవాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి, "నమస్కారం అయ్యగారూ, నమస్కారం అయ్యగారూ" అన్నారు. ముప్ఫై ఇళ్ళవాళ్ళలో ఒక్కరు కూడా నోరు జారలేదు. నేను కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళు తీసుకున్నాను. కొన్ని అగ్బాడ మీద ఒలికాయి.

ఎదురుగా ఒషున్ తరపున ఫగ్బెమి. నా వంక చూడలేదు, పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

నేను పటం పరిచి చెప్పాను. మడత, చిరుగు, అందుబాటులో ఉన్న ఆధారాలు. గొంతు నాదే.

తర్వాత ఊళ్ళో అందరికన్నా పెద్దదని అమ్మను పిలిచారు. దేని మీద ప్రమాణం చేస్తావమ్మా అని అడిగారు. "మాది కమ్మరి ఇల్లు. ఇనుము మీద చేస్తాను" అంది. నాన్న పొలం కత్తి తెచ్చారు. రెండు చేతులా పట్టుకుని, అంచుకు నాలుక తాకించింది. ఇనుము మీద ఒట్టేసి అబద్ధమాడితే ఇనుప దేవుడు ఓగున్ ఊరుకోడు. ఆ ఇనుమే ఏదో ఒక రూపంలో వచ్చి తీసుకుపోతుంది. బడికి వెళ్ళినవాళ్ళం నవ్వుతాం కానీ, మాలో ఎవడూ ఆ పని చెయ్యడు.

"హద్దు ఎక్కడమ్మా?" అన్నారు జడ్జిగారు.

"పడమటి పాయ ఒడ్డున పెరెగున్ మొక్కల వరస ఉంది. మా ఆయన నాటాడు. ఇలొడో పెద్దలూ, అవతలి ఊరి పెద్దలూ నిలబడి నాటించారు. రెండు పక్కలవాళ్ళూ ఒప్పుకున్నాకనే కదా పెరెగున్ పాతేది!"

మాకు హద్దంటే అదే. కర్రముక్క పాతితే వేరు తొడుగుతుంది, నరికినా మళ్ళీ మొలుస్తుంది. నలభై ఒకటో షీటు గీసేటప్పుడు ఆ వరస నాకు గుర్తు రాలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. గుర్తొచ్చింది. రాయాలి కనుక రాస్తున్నాను. గుర్తొచ్చింది.

"ఎప్పుడు నాటారు?"

"నా రెండోవాడికి పేరు పెట్టిన రోజున. పుట్టిన ఎనిమిదో నాడు. అందుకే వాడిని పెరెగున్ పిల్లాడు అనేవారు."

మా వకీలు లేచాడు. కుర్రవాడు, మాట కత్తిలా ఉంటుంది. "ఆ రెండో కొడుకు ఎక్కడున్నాడు? పిలిపించండి. వయసు చెబితే మొక్కల వయసు తెలుస్తుంది."

అమ్మ కత్తి వంక చూసింది.

"ఇక్కడ లేడు" అంది.

"పోయాడా?"

"ఇక్కడ లేడు."

"పేరేమిటి? ఎక్కడ పని చేస్తాడు?"

 అమ్మ చేతులు ఇంకా కత్తి మీదే ఉన్నాయి. పగిలిన పెదవి మీద, కత్తి అంచు తగిలిన చోట చిన్న రక్తపు చుక్క కనబడింది నాకు.

వకీలు జడ్జిగారి వైపు తిరిగాడు. "అయ్యా, పేరు లేదు, మనిషి లేడు. అసలు అలాంటి కొడుకే లేడని నా మనవి. కొడుకు లేనప్పుడు పేరు పెట్టిన రోజూ లేదు, మొక్కలు నాటిన కథా లేదు. ఈవిడ సాక్ష్యం కొట్టివేయండి."

జడ్జిగారు పెన్ను మూత తీశారు. ఫగ్బెమి అప్పుడు తలెత్తి చూశాడు నా వంక. నోరు విప్పనన్నాడు, విప్పలేదు. ఊరు ఊరంతా నేల వంక చూస్తోంది.

అమ్మ ఇనుము మీద అబద్ధమాడింది. నా కుర్చీ కోసం. ఇంక దానితో ఊరూ పోతుంది, ఆమె మాటా పోతుంది.

ఎలా లేచానో తెలియదు. బల్ల తగిలి పటం కింద పడింది. ఆమె ముందుకు వెళ్ళి సాష్టాంగ పడ్డాను. ఛాతీ నేలకానించి, పూర్తిగా, కొలిమి బూడిదలో. తెల్ల అగ్బాడ సంగతి అప్పుడు తోచలేదు.

"ఆ కొడుకును నేనే. అదిగున్. నాకు యాభై ఒకటి. పెరెగున్‌కూ యాభై ఒకటే. తూర్పు పాయ నేను కావాలని గీశాను. మా అమ్మ మాటకు అడ్డం రాకండి, ఆవిడ అన్నది నాకోసం."

 వకీలు ఏదో అనబోతే జడ్జిగారు చెయ్యెత్తారు.

తల్లి పాదాల ముందు పడిన కొడుకును మాలో తల్లి ఊరికే లెమ్మనదు. వంశం పొగిడి లేపుతుంది. అమ్మ మొదట ఊరుకుంది. ఎంతసేపో తెలియదు, బూడిద ముక్కులోకి పోతోంది. పొగడదేమో అనుకున్నాను. పొగడకపోయినా న్యాయమే అనుకున్నాను.

తర్వాత నా వీపు మీద చెయ్యి పడింది.

"అదిగున్! ఇలొడో కొలిమి బిడ్డా! చెంపకు నాలుగు గాట్లవాడా! ఇనుము కాచినవాడి మనవడా, నాగలి కర్రు సాగదీసినవాడి కొడుకా! వాగు రెండుగా చీలినా ఒకే ఒడ్డున పుట్టినవాడా! ఎనిమిదో నాటి పెరెగున్ పిల్లాడా! మీ నాన్న నాటాడు, వేరు తొడిగింది..."

 అన్నయ్య అందుకున్నాడు. తర్వాత ఊరంతా అందుకుంది. కమిటీ వాళ్ళు ఎంతసేపు నిలబడ్డారో నాకు తెలియదు. నేను ఏడ్చాను, గట్టిగా, అందరి ముందూ.

తర్వాత అందరం పడమటి పాయకు నడిచాం. పెరెగున్ వరస ఉంది. ఫగ్బెమి టేపు పట్టాడు, రెండో కొస నేను పట్టాను.

27 జనవరి

ఉద్యోగంలోంచి తాత్కాలికంగా తీసేశారు. ఒయెతోరో గారు, "నలభై ఒకటి నీకు ఇచ్చింది నేనే కదయ్యా" అని మాత్రం అన్నారు. అది జాలో తిట్టో తెలియలేదు. కుర్చీ ఖాళీ చేశాను. గుమాస్తా నా కొత్త ఫారం తీసుకున్నాడు. తండ్రి ఊరు: ఇయేయే, ఇలొడో. ఈసారి చెంపల వంక చూడలేదు.

8 ఫిబ్రవరి

కొత్త నలభై ఒకటో షీటు ఫగ్బెమి గీశాడు. పంపించాడు చూడమని. పడమటి పాయ. వాడి గీత నా గీత కన్నా మందం, ఎప్పుడూ అంతే. బాగుందని రాశాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

అబేకె, నేను ఇయేయే వెళ్ళాం. బోరు బండి తూర్పు పాయ దాటింది, గొట్టాలు దింపుతున్నారు. అన్నయ్య నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. పెట్టిన శాపం వెనక్కి తీసుకుంటానని మాత్రం అబేకెతో అన్నాడట.

ఇన్నాళ్ళూ నన్ను తినేస్తున్నది వేరే. నేను లేవకముందే అమ్మ 'ఇక్కడ లేడు' అనేసింది. రెండుసార్లు అంది, ఇనుము పట్టుకుని. వచ్చినప్పటి నుంచీ ఎవరు కత్తి పట్టుకున్నా, కొలిమిలో నిప్పురవ్వ ఎగిరినా ఆమె వంకే చూస్తున్నాను. పరిహారం ఏదైనా ఉంటే చేయిద్దామని అడిగాను.

అమ్మ కంద ముక్కలు ఎండబోస్తోంది. చెయ్యి ఆపలేదు.

"దేనికిరా పరిహారం? నేను అబద్ధమాడలేదే."

"ఇక్కడ లేడన్నావు కదమ్మా. నేను ఎదురుగానే కూర్చున్నాను."

"ఆ కుర్చీలోనా?" అంది. "అందులో లాడోకున్ గారు కూర్చున్నారు. నీళ్ళు కూడా ఇచ్చాను ఆయనకి. నువ్వు తర్వాత వచ్చావు."

చాటలో ముక్కలు నా ముందుకు తోసింది. కూర్చుని పరిచాను.